సన్‌షేడ్‌లో ఊచ పైన ఉందా, కింద ఉందా?

పెంకుటిళ్లు పోయి ఊరూరా స్లాబు ఇళ్లు వచ్చాయి. ఇల్లు కట్టుకునే రైతు సిమెంటు ఎన్ని బస్తాలు పడుతుంది, ఇనుము ఎన్ని క్వింటాళ్లు పడుతుంది అని నాలుగు షాపుల్లో వాకబు చేస్తాడు. తెచ్చిన ఇనుమును ఎక్కడ పెట్టారో మాత్రం చూసుకోడు. కాంక్రీటు పోసిన మర్నాడు చూద్దామన్నా కనిపించదు.

పచ్చి వెదురుబద్దను రెండు రాళ్ల మీద ఆనించి మధ్యలో నొక్కితే కిందికి వంగుతుంది. అప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. బరువు పడినప్పుడు దూలానికైనా స్లాబుకైనా జరిగేది ఇదే, కంటికి ఆనదంతే. కాంక్రీటు నొక్కుడుకు రాయిలా నిలుస్తుంది. సాగదీస్తే మాత్రం ఆ బలంలో సుమారు పదో వంతుకే బీట వారుతుంది. సాగే చోట బరువు మోయడానికే ఇనుము. అందుకే రెండు గోడల మధ్య వేసే దూలానికి ప్రధాన ఊచలు అడుగున ఉంటాయి.

సన్‌షేడ్, బాల్కనీల సంగతి దీనికి తలకిందులు. వాటికి పట్టు గోడవైపే, రెండో చివర గాలిలో ఉంటుంది. ముందుకు వాలబోతాయి కనుక సాగేది పైభాగం. కాబట్టి ఊచలు పైన ఉండాలి. గోడవైపు లింటెల్‌లోకో స్లాబులోకో చాలినంత పొడవు వెళ్లాలి కూడా.

మేస్త్రీ కట్టించినప్పుడు ఊచలు పైనే ఉంటాయి. కాంక్రీటు తట్టలు మోసే కూలీలు వాటి మీద నడిచేసరికి కుంగిపోతాయి. నాలుగంగుళాల మందం బాల్కనీలో పైనుంచి అంగుళం లోతున ఉండాల్సిన ఊచ ఇంకో అంగుళం దిగిందంటే మూడో వంతు బలం పోయినట్టే. అడుగుకు చేరితే ఆ ఇనుము ఉన్నా లేనట్టే. అలాంటి సన్‌షేడ్ వెంటనే పడకపోవచ్చు. ఏళ్ల తర్వాత ఎవరో పైకెక్కినప్పుడో, దాని కింద పిల్లలు వానకు నిలబడినప్పుడో పడవచ్చు.

దీనికి ఖర్చేమీ లేదు. తునక ఊచలను వంచి కుర్చీల్లా చేసి పై ఊచల కింద నిలబెట్టాలి. నడవడానికి చెక్కలు వేయించాలి. మేస్త్రీ ఎంత నమ్మకస్తుడైనా, పోసేటప్పుడు ఇంటివాళ్లు ఒకరు దగ్గరుండి చూసుకోవాలి.

అడుగు ఊచలు సెంట్రింగు రేకుకు ఆనుకోకుండా సిమెంటు బిళ్లలు పెట్టాలి. స్లాబుకు కనీసం 20 మిల్లీమీటర్ల ఎడం కావాలి. లేకపోతే చెమ్మ తగిలి ఇనుము తుప్పు పడుతుంది, ఉబ్బుతుంది, పెచ్చులు రాలతాయి.

సెంట్రింగు తీసే తొందర మరొకటి. 2000లో వచ్చిన ఐ.ఎస్. 456 నిబంధనల ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు సర్వీ బాదులు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్ల లోపు దూలానికి 14, పైబడితే 21 రోజులు. బూడిద కలిపిన సిమెంటయితే ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది. సన్‌షేడ్‌కు బాదులు తీసేటప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడవైపు రావాలి.