చుట్టం చేసిన మందు

కిందటి నెల సూళగిరిలోని మా ఇంట్లో చిన్న సత్యాగ్రహం జరిగింది. మా అమ్మకు ఎనభై ఏళ్ళు. చక్కెర వ్యాధికి రోజూ ఇన్సులిన్ వేసుకుంటుంది. ఆ మందును బ్యాక్టీరియాలు తయారుచేస్తాయని ప్లస్ టూ చదివే మా అమ్మాయి నోరుజారింది. అంతే! "ఏమప్పా, పురుగులు చేసిన మందా నాకు?" అని అమ్మ సూది వద్దంది. రెండు పూటలు గడిచాయి. నాకు భయం పట్టుకుంది.

నేను చదివింది బి.కాం. నాకు తెలిసిన లెక్కలోనే చెప్పాను.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో దూరపు ఊరికి డబ్బు పంపాలంటే టెలిగ్రాం ఇచ్చేవాళ్ళం. అందులో ఒక రహస్య సంఖ్య ఉండేది. మా బ్యాంకు శాఖలు తమ దగ్గరున్న కోడ్ పుస్తకంతో దాన్ని సరిచూసుకునేవి. వేరే బ్యాంకుకు అది అర్థం కాదు. అర్థమైందంటే ఇద్దరిదీ ఒకే హెడ్డాఫీసన్నమాట.

జీవులలోనూ అంతే. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెడితే, అది చదువుకుని మన ఇన్సులిన్‌నే తయారుచేస్తుంది. 1982లో అమెరికా ఈ మందుకు అనుమతినిచ్చింది. కొద్దిపాటి తేడాలు తప్ప, మా ఊరి కొత్తిమీర మొదలు మనిషి దాకా కోడ్ పుస్తకం ఒక్కటే.

చెల్లే నాణెమూ ఒక్కటే. జీవకణాల్లో శక్తిని చేరవేసే ఆ నాణెం పేరు ఎ.టి.పి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు.

ఆ 1929లోనే హాల్డేన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జీవం పుట్టుకపై వ్యాసం రాశారు. తొలి సముద్రాల్లో, ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల పోగైన పదార్థాల నుంచే జీవం మొదలై ఉంటుందన్నారు. తర్వాత ఆయన భారత పౌరుడయ్యారు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

"మరి మొట్టమొదటి జీవి ఎట్లా పుట్టింది నాయనా?" అంది అమ్మాయి.

అది ఇంకా తేలలేదమ్మా అన్నాను. 350 కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. ఖాతా తెరిచిన నాటి కాగితం దొరకలేదు. అంతమాత్రాన ఖాతా అబద్ధం కాదు. అన్ని శాఖల పుస్తకాలూ కలుస్తున్నాయి కదా!

అమ్మ అంతా విన్నది. "అట్లయితే పురుగు కాదు, చుట్టమే చేసిందను" అంటూ చెయ్యి చాపింది.