నెల్లూరు వరి విత్తనం: అపోహలు – వాస్తవాలు

పెన్నా ఆయకట్టులో ఎడగారు కోతలయ్యాక విత్తన దుకాణాల ముందు కొన్ని మాటలు ఏటా వినిపిస్తాయి. వాటిని నమ్మి రైతు చేసే ఖర్చు చిన్నది కాదు.

అపోహ: వరి విత్తనం ఏటా కొనాల్సిందే. దాచుకున్నది వేస్తే దిగుబడి పడిపోతుంది.

హైబ్రిడ్‌కైతే ఇది నిజం. నెల్లూరు మసూరి (ఎన్ఎల్ఆర్ 34449), సాంబ మసూరి (బీపీటీ 5204) లాంటి రకాలకు కాదు. వరిది స్వపరాగ సంపర్కం. పువ్వు విచ్చుకునే వేళకే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదే రాలుతుంది. పక్క చేలోని పుప్పొడితో గింజ కట్టడం చాలా అరుదు. అందుకే స్థిరపడిన రకంలో తల్లి గుణాలే పిల్లకు వస్తాయి.

మరి కొన్నేళ్లకు విత్తనం ఎందుకు చెడుతుంది? జన్యువులు అలిసిపోయి కాదు, కల్తీ వల్ల. వేరే రకం కోసి నేరుగా మన మడిలోకి దిగిన కోత మిషను, కళ్లంలో మిగిలిన గింజలు, కిందటి పంటలో రాలి మొలిచిన మొక్కలే దానికి కారణం. పూత దశలో, కోతకు ముందు కేళీలు ఏరేసి, బాగా ఆరబెట్టి దాచుకుంటే సొంత విత్తనమే రెండు మూడేళ్లు నడుస్తుంది. పైగా 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం సొంత పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. ఈ హక్కు సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు, అదే బాధ.

అపోహ: రెండు రకాలను కలిపితే పుట్టేదల్లా హైబ్రిడ్.

నెల్లూరు మసూరి కూడా సంకరం నుంచే వచ్చింది. ఐఆర్ 72ను సాంబ మసూరితో కలిపి, గుణాలు నిలకడ పడేదాకా తరం తరం ఏరుకుంటూ వచ్చారు. హైబ్రిడ్‌లోనైతే సంకరంలో పుట్టిన తొలి తరం గింజనే సంచికెత్తుతారు. దాన్ని దాచి వేస్తే మెండెల్ 1866లో బఠాణీల గురించి రాసినట్టే గుణాలు విడిపోతాయి: ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనేది, ఒకటి తాలు.

అపోహ: అంతర్గత గుణమంటే బలహీనమైనది.

అది బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ ఉండాలి. అంతర్గతమంటే అంతే. తైచుంగ్ నేటివ్ 1 ద్వారా సాంబ మసూరికి అందిన పొట్టిదనం అంతర్గతమే. చేను పడిపోకుండా నిలబెట్టేది ఆ గుణమే. 2008లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే జన్యువులు మూడున్నాయి. వాటిలో రెండు అంతర్గతాలు.

అది జన్యుమార్పిడి వరి కూడా కాదు. సంకరం చేసి, ఆ జన్యువులు చేరాయో లేదో డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ ఏరినది. మన దేశంలో జన్యుమార్పిడి వరి సాగుకు అనుమతి లేదు.

అపోహ: ఉత్పరివర్తనం ప్రయోగశాలలోనే పుడుతుంది.

సాంబ మసూరి పూర్వీకుల్లో ఒకటైన జీఈబీ 24 కోనామణి వరిలో తనంతట తానే వచ్చిన మార్పు. దాన్ని 1921లో విడుదల చేశారు.

అపోహ: మంచి రకం ఎక్కడ వేసినా ఒకేలా పండుతుంది.

జన్యువులు చేయగలిగింది చేనులో కనబడాలంటే నేల, నీరు, వాతావరణం కలిసి రావాలి. మంచు కురిసే డిసెంబరు, జనవరి రాత్రుల్లో సాంబ మసూరిని అగ్గి తెగులు తేలిగ్గా పట్టుకుంటుంది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం ఆ తెగులును తట్టుకునే నెల్లూరు మసూరిని ఈ నేల మీదే ఏరి నిలబెట్టింది. సముద్రం వైపు ఉప్పు తేలే మడుల్లోనైతే, ఏ రకం పేరు రాసున్నా, ముందు మట్టి పరీక్ష చేయించి ఆ తర్వాతే సంచి కొనాలి.