డాక్టరు గారు మీ గొర్రెల గురించి ఎందుకు అడుగుతారు?

జ్వరంతో వచ్చిన రోగిని పరీక్షిస్తూ డాక్టరు గారు "ఈ మధ్య మీ ఊళ్లో జీవాలు ఏమైనా చచ్చిపోయాయా?" అని అడిగితే, వెంట వచ్చినవారు వింతగా చూస్తారు. మనిషికి బాగాలేదని వస్తే మేకల సంగతి ఎందుకని కొందరు విసుక్కుంటారు కూడా. కానీ ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఈ ప్రశ్న అడగక తప్పదు. మనది మెట్ట ప్రాంతం. గొర్రెలు, మేకలు లేని పల్లె ఉండదు. కొండల పక్క ఊళ్లలోకి కోతులు, అడవిపందులు, నక్కలు వస్తూనే ఉంటాయి. మనుషులకు వచ్చే అంటువ్యాధుల్లో సగానికి పైగా జంతువులతో సంబంధం ఉన్నవే.

చనిపోయిన జంతువు నుండి రక్తం, కాలేయం, మెదడు ముక్కలు తీసి, మైక్రోస్కోపు కింద చూసి, ఏ వ్యాధితో చనిపోయిందో తేల్చే డాక్టర్లు పశువైద్యంలో ప్రత్యేకంగా ఉంటారు. వీరి పని జంతువుకు ఎలాగూ ఉపయోగపడదు, అది చనిపోయింది కదా! ఉపయోగపడేది మందలో మిగిలిన జీవాలకు, మనకు.

ఒక సంఘటన చూడండి. 1999లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో కాకులు కుప్పలుగా చచ్చిపోయాయి. అదే సమయంలో కొందరు వృద్ధులు మెదడువాపుతో ఆసుపత్రుల్లో చేరారు. అధికారులు మొదట దానిని అక్కడ అంతకు ముందే తెలిసిన సెయింట్ లూయిస్ మెదడువాపు అనుకున్నారు. ఆ నగరంలోని బ్రాంక్స్ జూలో పెథాలజిస్టుగా ఉన్న ట్రేసీ మెక్‌నమారా ఒప్పుకోలేదు. ఆ వ్యాధితో పక్షులు సాధారణంగా చావవు, తన జూలో మాత్రం ఫ్లెమింగోలు చచ్చిపోతున్నాయి. పోనీ గుర్రాలకు వచ్చే మెదడువాపా అంటే, దానికి తేలికగా లొంగిపోయే ఈము పక్షులు హాయిగా తిరుగుతున్నాయి. (మన వైపు కూడా ఒకప్పుడు పెంచిన ఈములే ఇవి.) ఆమె పట్టుబట్టి నమూనాలను వేరే ప్రయోగశాలలకు పంపించారు. అది అమెరికా ఖండంలో అంతకు ముందు కనిపించని వెస్ట్ నైల్ వైరస్ అని చివరకు తేలింది. ఆ ఏడాది అక్కడ ఏడుగురు మరణించారు. మనుషుల జబ్బుకు సరైన పేరు దొరికింది చనిపోయిన పక్షుల వల్ల!

మన పొరుగు రాష్ట్రంలోనూ అంతే. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడిపోయాయి, చుట్టుపక్కల పల్లెల్లో ప్రజలకు తీవ్రమైన జ్వరాలు వచ్చాయి. పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరస్ అని తేలింది. నేటికీ అక్కడ అడవిలో కోతి చనిపోతే అధికారులు దానిని హెచ్చరికగా తీసుకుంటారు.

ఇక మన జిల్లా. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. నమూనాలు భోపాల్‌లోని ప్రయోగశాలకు వెళ్లగా బర్డ్ ఫ్లూ అని నిర్ధారణ అయింది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఇదే వైరస్ సోకి రెండేళ్ల పాప మరణించింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివారు చెప్పారు. కోడిని కోసేటప్పుడు పక్కన కూర్చున్న పసిబిడ్డ నోటికి పచ్చి ముక్క అందించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఎంత ముద్దు చేసినా ఈ పని చేయవద్దు. బాగా ఉడికిన మాంసంతో ఈ భయం లేదు, కానీ జబ్బుచేసి చచ్చిన కోడిని ఉడికించి కూడా తినకూడదు. దాని ఈకలు పీకేటప్పుడు, కోసేటప్పుడే వైరస్ సోకవచ్చు.

మన వైపు ఎక్కువగా జాగ్రత్తపడవలసింది దొమ్మ రోగం గురించి. దీనినే ఆంత్రాక్స్ అంటారు. నిన్నటి దాకా మేత మేసిన గొర్రె ఉన్నట్టుండి పడిపోయి చనిపోతుంది. ముక్కు, నోరు, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది. ఇలాంటి జీవాన్ని పోస్టుమార్టం కోసం కూడా కోయకూడదు. పశువైద్యులు చెవి నరం నుండి ఒక చుక్క రక్తం తీసి చూస్తారు, అంతే. కళేబరాన్ని కోస్తే లోపలి సూక్ష్మజీవికి గాలి తగిలి గట్టి విత్తనంలా మారుతుంది. ఆ విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి బతికి, మళ్లీ మేతకు వచ్చిన మందకు సోకుతుంది.

వేల రూపాయల జీవం పడిపోతుంటే చావకముందే కోసి, ఊళ్లో వాటాలు వేస్తే కొంతైనా చేతికి వస్తుందని యజమాని అనుకోవడం సహజం. ఆ నష్టం చిన్నది కాదు, మేము కాదనము. కానీ కోసిన చేతి మీద నాలుగైదు రోజులకు పొక్కు లేచి, నొప్పి లేకుండానే మధ్యలో నల్లటి పుండుగా మారుతుంది, చుట్టూ వాపు వస్తుంది. నొప్పి లేదు కదా అని ఆకు పసరు రాసి ఊరుకుంటారు. తొందరగా వస్తే యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. ఆ మాంసం తినడం వల్ల కడుపులో వచ్చే రకం మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది. జీవం అకస్మాత్తుగా చనిపోతే పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ కబురు చేయండి. వారు వచ్చేదాకా కుక్కలు, కాకులు దానిని ముట్టకుండా చూడండి.

ఇంట్లో రామచిలుక ఉందా? అడవి చిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచి, జబ్బు చిలుక రెట్ట ఎండి పొడిగా లేచినప్పుడు పీల్చితే నిమోనియా లాంటి వ్యాధి రావచ్చు. దానికి పెన్సిలిన్ వంటి మందులు పనిచేయవు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. చిలుక చనిపోయిన సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఆ మందు ఆయనకు ఎలా తోస్తుంది?

జబ్బు ఎటునుండి ఎటైనా వెళ్లవచ్చు. 2021లో హైదరాబాదు జూలో 8 సింహాలకు కరోనా సోకిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నిర్ధారించారు.

చివరగా కుక్కకాటు సంగతి. కరిచిన కుక్క చనిపోతే దాని మెదడును పరీక్షించి రేబిస్ ఉందో లేదో చెప్పగలరు. ఆ రిపోర్టు వచ్చేదాకా టీకా ఆపవద్దు. గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో, పారే నీటితో కడిగి, అదే రోజు ఆసుపత్రికి రండి. కోతి, నక్క, ముంగిస కరిచినా ఇంతే. వచ్చినప్పుడు ఏ జంతువు, ఏ రోజు, అది ఇప్పుడు బతికి ఉందా, ఇంట్లో ఇంకెవరినైనా కరిచిందా అన్నవి చీటీ మీద రాసుకుని రండి.