వెన్నుపాము గాయము – గడ్డకట్టని రక్తము

నడచునప్పుడు పిక్క కండరములు బిగిసి, సిరలలోని రక్తమును పైకి నెట్టుచుండును. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుపడినవారిలో ఈ పని ఆగిపోవును. నిలిచిన రక్తము గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడినచో ప్రాణాపాయము.

దీనిని నివారించు మందులను రక్తమును పలుచన చేయునవని అందురు. నిజమునకు అవి గడ్డకట్టుటను మాత్రమే అడ్డగించును. గాయము తగిలిన 72 గంటలలోపల హెపారిన్ ప్రారంభించుట మేలని నేటి వైద్యుల అభిప్రాయము. అయితే ముందుగా రక్తస్రావము ఆగినదని రూఢి చేసికొందురు. ఏలనన, ఇరుకైన వెన్నెముక గొట్టములో రక్తము చేరినచో వెన్నుపాము నొక్కుకొనిపోయి, మిగిలిన శక్తియు నశింపవచ్చును.

తరువాత కొందరికి వార్ఫరిన్ ఇత్తురు. 1920 తరువాత ఉత్తర అమెరికాలో బూజుపట్టిన క్లోవర్ మేత తిని, రక్తము కారి పశువులు చచ్చెను. ఆ మేతలోని విషమును పరిశోధించుటవలన పుట్టిన ఈ మందు 1948లో ఎలుకలను చంపుటకును, 1954లో రోగులను బ్రతికించుటకును వచ్చినది. మోతాదు తగ్గినచో గడ్డ, హెచ్చినచో స్రావము. అందుచే తరచు రక్తపరీక్ష అవసరము.

స్పర్శ లేని కాలిలో లోపల రక్తము కారినను నొప్పి తెలియదు. కావున వాపు, కమిలిన మచ్చ, ఎర్రని మూత్రము, నల్లని మలము కనిపించిన వెంటనే వైద్యునికి చెప్పవలెను. హెపారిన్‌కు ప్రోటమిన్, వార్ఫరిన్‌కు కె విటమిన్ విరుగుడులు. నొప్పి చేయవలసిన హెచ్చరికను ఇచట కన్ను చేయవలెను.