‘కనాయ్’ శబ్దం – వ్యుత్పత్తి, ప్రయోగం

అధమశ్రేణి జనాన్ని నిందాపూర్వకంగా చెప్పే ‘కనాయ్’ శబ్దం ఫ్రెంచి నుండి 17వ శతాబ్దిలో ఆంగ్లంలో ప్రవేశించింది. ఫ్రెంచిలో సైతం ఇది అన్యదేశ్యమే. 15వ శతాబ్దిలో ఇటాలియన్ ‘కనాల్యా’ నుండి గ్రహింపబడి, అంతకు పూర్వమున్న ‘షియెనాయ్’ అనే స్వీయరూపాన్ని తొలగించి నిలిచింది. రెండింటికీ వాచ్యార్థం కుక్కల గుంపు.

ఇందలి ప్రకృతి లాటిన్ ‘కనిస్’. సంస్కృత ‘శ్వన్’ శబ్దానికి ఇది సోదరశబ్దం. ప్రత్యయం లాటిన్ నపుంసక బహువచనాంతమైన ‘ఆలియా’ నుండి ఏర్పడి, సమూహార్థకమై, ఏకవచనంగా మారింది. సేవకజనాన్ని ‘వల్తాయ్’ అనుటలోనూ ఇదే ప్రత్యయం ఉన్నది. కనుక ఈ శబ్దంలో నింద రెండు విధాలు: ప్రకృతి మనిషిని శునకంతో పోల్చుతున్నది, ప్రత్యయం అతని వ్యక్తిత్వాన్ని గుంపులో లయింపజేస్తున్నది. తెలుగు ‘అలగాజనం’లో రెండవది మాత్రమే కనిపిస్తుంది.

సంస్కృతంలో ‘శ్వపచ’ శబ్దం పోల్చదగినది. అమరకోశం దీనిని శూద్రవర్గంలో చండాలాది పర్యాయాలతో చేర్చింది. మనుస్మృతి దశమాధ్యాయం శ్వపచులకు గ్రామం వెలుపల నివాసం విధించి, కుక్కలను, గాడిదలను వారి ధనంగా పేర్కొన్నది. ఇక్కడ శునకం ఉపమానం కాదు. ‘కుక్కను వండువాడు’ అని ఆరోపిత కర్మను బట్టి ఏర్పడిన ఉపపద సమాసం. అది జన్మకు అంటగట్టబడినది. ‘కనాయ్’ ఏ ఒక్క కులానికీ కట్టుబడలేదు.

ఈ భేదం ప్రయోగచరిత్రలో స్పష్టమవుతుంది. 1767లో ప్రష్యా ప్రభువు ఫ్రెడరిక్‌కు వ్రాసిన లేఖలో వోల్టేర్ ‘కనాయ్’ జ్ఞానోదయానికి అర్హం కాదన్నాడు. మూఢవిశ్వాసాలను ఖండించిన మేధావియే జ్ఞానానికి ఈ శబ్దంతో హద్దు గీచాడు. సుమారు వంద సంవత్సరాల అనంతరం, 1865లో, అలెక్సిస్ బూవియే ఇదే శబ్దాన్ని శీర్షికగా చేసి గీతం రచించాడు. అందులో శ్రామికజనం ఆ నిందను తమ పేరుగా సగర్వంగా స్వీకరించింది. 1871 పారిస్ కమ్యూన్ కాలంలో ఆ గీతం జనసభలలో గానం చేయబడింది.

కోశకారుడు ‘నీచజనం’ అని అర్థం వ్రాసి విరమించినచో శబ్దచరిత్రలో సగమే చెప్పినట్లగును. ఎవరు ఎవరిని అట్లా పిలిచారో, పిలువబడినవారు దానిని ఏమి చేసుకున్నారో కూడా అర్థంలో భాగమే. ‘శ్వపచ’ వంటి పదాలకు అర్థం చెప్పు సందర్భంలోనూ ఈ వివేకం అవసరం.