ముద్రణాలయములలో కనిపించని విషము

పాఠ్యపుస్తకములు, వార్తాపత్రికలు నేడు ఎక్కువగా ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చగుచున్నవి. ఈ పద్ధతిలో అచ్చుపలక కాగితమును తాకదు. పలకమీది సిరా ముందుగా రబ్బరు పొర చుట్టిన స్తూపముపైకి, అక్కడినుండి కాగితముపైకి చేరును. ఈ పొరనే బ్లాంకెట్ అందురు. రంగు మార్చినపుడెల్ల దీనిపై మిగిలిన సిరాను తుడిచివేయవలెను. సిరాలో నూనె, రెజిను ఉండుటచే నీరు దానిని కరిగింపజాలదు. కావున త్వరగా ఆవిరియగు ద్రావణులలో గుడ్డను తడిపి తుడిచెదరు. ఆ బాష్పము పనివాని ఊపిరిలో చేరును.

దీనివలన ఎంత కీడు కలుగగలదో జపానులోని ఒసాకా నగరమున తెలియవచ్చినది. అచ్చట ఒక ముద్రణాలయమున రంగుల అచ్చుకు నమూనా ప్రతులు తీయు విభాగముండెను. ఒక్కొక్క పనికి కొద్ది ప్రతులే తీయుదురు గనుక బ్లాంకెట్‌ను రోజుకు కొన్ని వందలసార్లు తుడువవలసి వచ్చెడిది. గదిలోని గాలి వెలుపలికి సరిగా పోయెడిది కాదు. ఆ విభాగమున పనిచేసిన పలువురికి పిత్తనాళపు కాన్సరు వచ్చినట్లు 2012లో వెల్లడియైనది. ఇది అరుదైన వ్యాధి. సాధారణముగా వృద్ధులలో కనిపించును. కాని 2014లో వైద్యులు వివరించిన 17 మంది రోగులును 25 మొదలు 45 సంవత్సరముల లోపలి వయసున వ్యాధికి గురియైనవారే.

వారందరును వాడిన ద్రావణి 1,2-డైక్లోరోప్రొపేను. కొందరు డైక్లోరోమీథేనును కూడ వాడిరి. డైక్లోరోమీథేనుపై జపానులో అప్పటికే చట్టపు కట్టుబాటు కలదు. 1,2-డైక్లోరోప్రొపేనుపై అట్టి కట్టుబాటు లేకుండెను. రక్తములో చేరిన ఈ పదార్థమును కాలేయము గ్లూటాథయోనుతో కలిపి విసర్జింప యత్నించును. అప్పుడేర్పడు చురుకైన పదార్థములు పిత్తనాళ కణములలోని జన్యుద్రవ్యమును చెరచునని శాస్త్రజ్ఞుల భావన. 2014లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు కాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చెను.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఈ అణువులో కార్బను పరమాణువులు 3, హైడ్రోజనువి 6, క్లోరీనువి 2 కలవు. అణుభారము 36 + 6 + 71 = 113. దాని సాంద్రత సుమారు 1.16, కావున 100 మిల్లీలీటర్ల ద్రవము 116 గ్రాములు తూగును. అది పూర్తిగా ఆవిరియైనచో సుమారు 25 లీటర్ల బాష్పమగును. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తుగల గదిలో 50,000 లీటర్ల గాలి పట్టును. గాలి మారని ఆ గదిలో బాష్పము పది లక్షల భాగములకు 500 భాగములగును. ఈ సంఘటన తరువాత జపానులో నిర్ణయించిన మితి పది లక్షలకు 1 భాగము మాత్రమే! ఒక గిన్నెడు ద్రవము ఆ మితికి 500 రెట్లు కలిగించినది.

నివారణకు ఒక క్రమము కలదు. మొట్టమొదట, త్వరగా ఆవిరికాని, తక్కువ హానికరమైన ద్రవమును ఎన్నుకొనవలెను. పిదప బాష్పమును పుట్టిన చోటనే పీల్చి గొట్టముద్వారా తొలగించు ఏర్పాటు ఉండవలెను. తడిగుడ్డలను మూతగల డబ్బాలలో నుంచవలెను. ముసుగు చివరి రక్షణ మాత్రమే. మామూలు గుడ్డముసుగు ధూళిని కొంత ఆపునే గాని బాష్పమును ఆపజాలదు. బాష్పమును బయటికి పంపినంతమాత్రమున పని ముగియదు. పెక్కు ద్రావణుల బాష్పములు ఎండలో నైట్రోజను ఆక్సైడులతో కలిసి నేలమట్టపు గాలిలో ఓజోనును పుట్టించును. మురికికాలువలో పోసిన ద్రావణి నీటిని చెరచును. పనివానిని, పరిసరములను ఒక్కమారే కాపాడునది మొదటి ఉపాయమే.

2013లో జపాను ప్రభుత్వము 1,2-డైక్లోరోప్రొపేనును నియమములకు లోబరచెను. 2016 నుండి 640 రసాయనముల విషయమున, వాడుటకు ముందే ప్రమాదమును అంచనా వేయుట యజమానుల విధియైనది. చట్టపు పట్టికలో పేరు లేనంతమాత్రమున ఏ పదార్థమును నిరపాయకరము కాజాలదు. పట్టిక మనుష్యుని జ్ఞానమునకు హద్దు. శరీరము ఆ పట్టికను చూచి విషమును గ్రహింపదు.