ఫ్యాను వంకరైతే కళాసీ వాటాకి కోత

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. రంగులు, చెక్కపని, ఇంజను పని అన్నీ అప్పుడే. అయితే అందరి కన్నూ ఇంజను మీదే. కింద నీళ్లలో ఉండే ఫ్యాను, అదే ప్రొపెల్లర్, ఎవరికీ పట్టదు. విశాఖలో పదిహేనేళ్లు బోటు డ్రైవర్‌గా చేసినోడిని. ఆ నిర్లక్ష్యం ఎవరి జేబు కోస్తాదో చెప్తాను.

ఒక ఏడు మా బోటుకి తాడు చుట్టుకుని ఫ్యాను రెక్క విరిగింది. ఓనరు పాత సామాన్ల కొట్లో ఇంకోటి కొన్నాడు. వెడల్పు సరిపోయింది, బిగించేశాం. ఇక అక్కణ్నుంచి ఇంజను నల్లపొగ కక్కడమే. ఎంత రేజు చేసినా ఆర్పీఎం ఎక్కదు. ఇంజెక్టర్లు మార్చాం, పంపు విప్పాం. లాభం లేదు. చివరికి ఓ ముసలి మెకానిక్ వచ్చి, "ఒరే తమ్ముడూ, ఇంజనుకి రోగం లేదురా. మోయలేని బరువు నెత్తిన పెట్టారు" అన్నాడు.

ఫ్యాను బొడ్డు మీద మామూలుగా రెండు అంకెలు కొట్టి ఉంటాయి. 28 x 20 అనుకోండి. మొదటిది వెడల్పు. రెండోది పిచ్. మర చెక్కలోకి దిగినట్టు, ఒక చుట్టుకి ఫ్యాను ఎన్ని అంగుళాలు ముందుకెళ్లాలో చెప్పే లెక్క అది. మేం కొన్నదానికి పాతదాని కంటే పిచ్ రెండంగుళాలు ఎక్కువ. అదీ రోగం.

లెక్క చూడండి. ఇంజను 1800 చుట్లు, గేర్‌బాక్సు మూడుకి ఒకటి. అంటే ఫ్యాను నిమిషానికి 600 చుట్లు. పిచ్ 20 అంగుళాలైతే దాదాపు 10 నాట్ల వేగంతో పోవాలి. బోటు నిజంగా 7 పోయిందంటే, ఆ తేడాని స్లిప్పు అంటారు. నీరు చెక్క కాదు కదా, కొంత జారడం మామూలే. కానీ అదే బోటు, అదే ఆర్పీఎంకి నెలనెలా వేగం తగ్గుతోందంటే ఫ్యానుకో, బోటు అడుగుకో ఏదో అయిందని అర్థం.

పిచ్ ఎక్కువైతే ఇంజను ఈడ్చుకుంటాది, డీజిల్ పూర్తిగా మండక నల్లపొగ వస్తాది. తక్కువైతే ఊరికే గిర్రున తిరుగుతాది, బోటు కదలదు. ఒక్క రెక్క వంగినా బోటంతా వణుకుతాది. ఆ వణుకుకి షాఫ్టు బేరింగు అరుగుతాది, గ్లాండు దగ్గర నీరు కారుతాది, చివరికి గేర్‌బాక్సు మీదకొస్తాది. రెక్కల మీద గుల్లలు పట్టినా బరువే. రెక్క మీద చిన్నచిన్న గుంటలు పడ్డాయంటే, అక్కడ నీరు బుడగలై పగిలి లోహాన్ని తినేస్తోందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. మా బోట్లో డీజిల్, ఐసు, రేషను ఖర్చు ముందు తీసేసి, మిగిలిందే ఓనరుకీ కళాసీలకీ పంచేవారు. అంటే ఫ్యాను తాగిన డీజిల్ ఖర్చు ఓనరు ఒక్కడిదే కాదు. రాత్రంతా వల లాగిన కుర్రోడి వాటా లోంచీ పోతాది. వాడికి మాత్రం ఫ్యాను గురించి ఒక్క మాట అడిగే హక్కు లేదు.

అందుకే అడుగుతున్నా. నిషేధం రోజుల్లో హార్బర్‌లోనే పిచ్ కొలిచే సాధనం, బ్యాలెన్సు చూసే స్టాండు పెట్టాలి. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ కేంద్రం, సిఫ్‌నెట్ శిక్షణ యూనిట్ రెండూ విశాఖలోనే ఉన్నాయి. తెలిసినోళ్లకి కరువు లేదు. డీజిల్ మీద సబ్సిడీ ఇచ్చే సర్కారు, ఆ డీజిల్ వృథా కాకుండా చూడ్డం మీద కూడా నాలుగు రూపాయలు పెట్టొచ్చు కదా.

అందాకా మన చేతిలో పని మనం చేద్దాం. సుత్తితో కంటి అంచనాకి రెక్క కొట్టించొద్దు. అన్ని రెక్కల పిచ్ ఒక్కలా ఉందో లేదో కొలిపించండి. అడుగు శుభ్రం చేశాక, మామూలు బరువుతో ఫుల్ రేజులో ఇంజను తన ఆర్పీఎం అందుకుంటోందా చూడండి. ఆ అంకెలు పుస్తకంలో రాయండి. కళాసీ తమ్ముళ్లూ, ఆ పుస్తకం చూపించమని మీరూ అడగండి. అందులో ఉన్నది మీ వాటానే.